వంద గజాల వారసత్వం

సంవత్సరానికి మూడు వందల అరవై అయిదు రోజులే ఉండటం దినోత్సవాల శాఖకు మొదటి నుంచీ పెద్ద లోటు. పిచ్చుకకో రోజు, పులికో రోజు, చేనేతకో రోజు, తోలుబొమ్మకో రోజు అంటూ ఉన్నవన్నీ ఎప్పుడో పంపకాలు అయిపోయాయి. పొద్దున పిచ్చుక పటానికి వేసిన దండనే తీసి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, మధ్యాహ్నం తాళపత్రాలకు వేయాల్సి వస్తోంది. అలాంటిది నవంబరు చివరి వారంలో ఒక తేదీ ఏ దినమూ కాకుండా ఉత్తినే పడి ఉందని శాఖ సంచాలకులు త్రివిక్రమరావు గారు కనిపెట్టారు. ఖాళీ తేదీ కనబడితే ఆయనకు అన్నం సహించదు.

"సంస్కృతి ఉండవలెను, జంతువు ఉండవలెను. రెండును ఒకే టెంటు క్రింద జరుగవలెను" అని ఆయన కాగితం మీద రాసి కిందికి పంపారు. ఆ కాగితం కింద ఉన్నవాళ్లందరి చేతులూ మారి, చివరికి కొండలెక్కి ఉసిరిబంద చేరింది.

ఉసిరిబంద ముప్ఫై రెండు గడపల ఊరు. కింద సంతవలస దాకా తారురోడ్డు ఉంది. అక్కణ్నుంచి పైకి నాలుగు కిలోమీటర్లు రాళ్లదారి. ఊళ్లో తొమ్మిది గుర్రాలున్నాయి. పొట్టివి, బొద్దువి, మొండివి. రేషన్ బియ్యం పైకి తెచ్చేవీ, మిరియాలూ పసుపూ సంతకు దించేవీ అవే. వాటిలో మైనా అనే గోధుమరంగు ఆడగుర్రం కొర్రా గాసన్నది. ఊరికి పెద్ద కూడా గాసన్నే. పెద్ద అంటే మరేం లేదు, అధికారులు తిట్టాలనుకున్నప్పుడు ముందు నిలబడేవాడని అర్థం.

గాసన్నకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే, రోడ్డు. తొమ్మిదేళ్ల కిందట పెళ్లాం ముత్తెమ్మకు జ్వరం ముదిరితే డోలీ కట్టి దించాడు. గెడకర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా మోసుకుపోవడమే డోలీ. సగం దారిలో కోడిరాయి దగ్గర ముత్తెమ్మ మంచినీళ్లడిగింది. నీళ్లు తెచ్చేలోపు పోయింది. ఆ తరవాత గాసన్న పదకొండు అర్జీలు పెట్టాడు. పదకొండో అర్జీకి దేవుడు కళ్లు తెరిచాడో, ఆఫీసరు కళ్లు మూశాడో, రోడ్డు మంజూరైంది. సంతవలసలో పసుపురంగు పొక్లెయిన్ వచ్చి నిలబడింది. కోడలు చిలకమ్మకు ఏడో నెల. కాన్పు నాటికి ఆటో గుమ్మంలోకి వస్తుందని గాసన్న ఊరంతా చెప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే భానోజీరావు వచ్చాడు.

భానోజీరావు దినోత్సవాల శాఖలో సర్వే అధికారి. చేతిలో టేపు, చంకలో ఫారాలు. టేపు చూసి గాసన్న రోడ్డు కొలవడానికి వచ్చాడనుకున్నాడు. చోడి అంబలి ఇచ్చి, గొడుగు పట్టి మరీ ఊళ్లోకి తీసుకొచ్చాడు. భానోజీరావు మాత్రం టేపు తీసి మైనా చెవులు కొలిచాడు. తోక కొలిచాడు. మైనా తల తిప్పి ఫారం అంచు కొంచెం కొరికింది.

"ఈ అశ్వములు ఎన్ని తరములుగా భారము మోయుచున్నవి?" అని అడిగాడు.

ఎన్ని తరాల కష్టమో చెబితే రోడ్డు అంత తొందరగా పడుతుందని గాసన్న గొంతు పెంచాడు. "మా తాతల కాణ్నించీ ఇయ్యే మోత్తన్నాయి బాబూ. ఏటి సేత్తాం, రోడ్డు నేదు గదా."

భానోజీరావు ఆ మాటలో మొదటి సగం రాసుకుని కలం మూత పెట్టేశాడు.

"రెండోది రాయనేదు బాబూ," అన్నాడు గాసన్న.

"దానికి ఇందులో గడి లేదు," అన్నాడు భానోజీరావు, ఎంతో మర్యాదగా.

ఇరవై రోజులు తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం ఉసిరిబందలో ఎవరూ ఎరగరు. బడి పంతులు దాన్ని అరుగు మీద నిలబడి చదివాడు. "ఉసిరిబంద అశ్వములు సజీవ వారసత్వముగా ప్రకటింపబడినవి. సదరు అశ్వములు నడచు మార్గము అశ్వపథముగా ప్రకటింపబడినది. వారసత్వ అశ్వములకు నలుదిక్కుల వంద గజముల లోపు త్రవ్వు యంత్రములు, చదును చేయు యంత్రములు రాకూడదు. యజమాని లిఖితపూర్వక సమ్మతి లేనిదే అశ్వములను ఎవరును తాకరాదు, కదిలింపరాదు. ప్రతి సంవత్సరము అశ్వ వారసత్వ దినమున వానిపై ఎట్టి భారమునుంచరాదు."

"అంటే ఏటి పంతులూ?" అన్నాడు గాసన్న.

"అంటే రోడ్డు పడదు మామా."

మర్నాడు భానోజీరావు వచ్చి, దారి మొదట్లో గడ్డి మేస్తున్న రెండు గుర్రాల దగ్గర టేపు చివర పెట్టి పొక్లెయిన్ దాకా లాగాడు. తొంభై ఒక్క గజం వచ్చింది. డ్రైవరు పొక్లెయిన్‌ను తొమ్మిది గజాలు వెనక్కి తీశాడు. ఆ వెనక్కి తియ్యడం అలాగే సాగి, సాయంత్రానికి అది జిల్లా దాటిపోయింది. గుర్రాలకు మాత్రం మెళ్లో ఇత్తడి బిళ్లలు కట్టారు. మైనాది ఒకటో నంబరు.

గాసన్న సోమవారం అర్జీల రోజున జిల్లా ఆఫీసుకు పోయాడు. త్రివిక్రమరావు గారు అతన్ని ప్రేమగా కూర్చోమన్నారు. కుర్చీ ఉందో లేదో చూడలేదు.

"మీరెంతటి అదృష్టవంతులో మీకు తెలియకున్నది. యంత్రకాలుష్యము సోకని జీవనమును ఈ దేశమున మీరొక్కరే గడుపుచున్నారు."

"మా కోడలికి తొమ్మిదో నెలొత్తంది బాబూ. రోడ్డు గావాల."

"రోడ్డు వేసినచో గుర్రములకు పని పోవును. పని పోయినచో వారసత్వము పోవును. మీ స్వార్థము కొరకు తొమ్మిది నోరు లేని జీవములను నిరుద్యోగులను చేయుదురా?"

గాసన్నకు ఒళ్లు మండింది. నోరున్న ముప్ఫై రెండు ఇళ్ల మాట ఏమిటని అడగాలనుకున్నాడు గాని, ఎదుటివాడు పెద్దాఫీసరు. "కాన్పు ఎలాగ బాబూ మరి?" అని మాత్రం అన్నాడు.

"మాతృత్వమునకు వేరే దినమున్నది. ఆ విభాగము రెండవ అంతస్తు," అని త్రివిక్రమరావు గారు మెట్లు చూపించారు.

రెండో అంతస్తులో, ఆ దినం మే నెలలో వస్తుందనీ అప్పుడు రమ్మనీ చెప్పారు.

మే నెల దాకా చిలకమ్మ ఆగదు గదా. నవంబరులో దినోత్సవం మాత్రం ఆగకుండా వచ్చింది. సంతవలసలో తొమ్మిది జీపులు దిగాయి. వాటిలోంచి అరవై కుర్చీలు, మైకుసెట్టు, జనరేటరు, మూడు డజన్ల నీళ్లసీసాల పెట్టెలు, ఇద్దరు పట్టేంత బ్యానరూ దిగాయి. అన్నీ పైకి పోవాలి. గుర్రాల మీద ఆ రోజు గడ్డిపోచ కూడా పెట్టకూడదు. కాబట్టి ఉసిరిబంద వాళ్లే మోశారు. గుర్రాలు మెళ్లో బంతిపూల దండలతో, ఏ బరువూ లేకుండా, ముందు నడిచాయి. వాటి వెనక జనరేటరు మోసుకుంటూ ఎనిమిదిమంది మగాళ్లు నడిచారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఖాళీ వీపుతో నడుస్తున్న మైనా, ఏదో మరిచిపోయినట్టు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది.

త్రివిక్రమరావు గారికి మోకాళ్ల నొప్పులు. నూట పది కిలోల మనిషి. నడవలేరు, గుర్రమెక్కకూడదు. గుర్రం మీద మనిషి ఎక్కకూడదని ఉత్తర్వులో ఉంది గాని, మనిషి మీద మనిషి ఎక్కకూడదని ఎక్కడా లేదు. ఆయన్ను డోలీలో వేశారు. ముందు భుజం గాసన్నది. కోడిరాయి దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగితే, డోలీలోంచి "ఆహా, ఎంతటి ప్రశాంతత!" అన్న మాట వినబడింది.

పైన సభ మొదలైంది. త్రివిక్రమరావు గారు మైకు పట్టుకుని, మూగజీవాల మీద బరువు మోపే మానవుడి క్రూరత్వం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ నలభై నిమిషాలూ గాసన్న భుజం రుద్దుకుంటూ విన్నాడు. తొమ్మిది గుర్రాలకూ శాలువాలు కప్పారు. మైనా తన శాలువా సగం తినేసింది.

రెండో వక్త లేచాడో లేదో, ఇంట్లోంచి చిలకమ్మ కేక వినబడింది. నొప్పులు మొదలయ్యాయి. కాన్పులు చేసే ముసలమ్మ చూసి బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, ఇక్కడ కాదు, దించండి అంది. ఊరికున్న ఒకే ఒక్క డోలీగెడ వేదిక పక్కన ఆనించి ఉంది. గాసన్న దాని మీద చెయ్యి వేశాడు.

"ఆగుము," అన్నాడు భానోజీరావు. "అది సంచాలకుల వారి తిరుగు ప్రయాణమునకు కేటాయింపబడినది. కార్యక్రమము ప్రకారము నాలుగు గంటలకు."

"నా కోడలు సచ్చిపోద్ది బాబూ."

"నాలుగు గంటల పదిహేను నిమిషముల తరువాత తీసుకొనవచ్చును."

తొమ్మిదేళ్లుగా బాబూ బాబూ అన్న నోరు గాసన్నది. ఆ నోటితోనే, మైకులో పడేంత గట్టిగా, "నీ నాలుగ్గంటలు తగలెయ్యా!" అన్నాడు. గెడ లాక్కుని భుజాన వేసుకున్నాడు. అరవై కుర్చీలూ జనరేటరూ మోసిన మగాళ్లంతా ఒక్కసారి లేచారు. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. నలుగురు మోస్తే, పదిమంది మారు భుజాలకు వెంట పరుగెత్తారు.

సగం దారిలో, కోడిరాయి దగ్గరే, చిలకమ్మ ఇక తన వల్ల కాదంది. వెంటే వచ్చిన ముసలమ్మ పక్కన కూర్చుంది, ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టారు. గాసన్న అవతలికి తిరిగి, ఆ రాయికి నుదురు ఆనించి, ముత్తెమ్మా, ఈసారి ఒగ్గీయకే అని ఏడ్చాడు. కాసేపటికి కాళ్లు ముందుగా ఆడపిల్ల పుట్టింది. రెండు దెబ్బలు కొట్టాక గాని ఏడవలేదు. తల్లీ బిడ్డా బతికారు. అది ముసలమ్మ చేతి చలవ, ఏ శాఖకూ అందులో భాగం లేదు.

పైన త్రివిక్రమరావు గారు మిగిలిపోయారు. చుట్టూ అరవై ఖాళీ కుర్చీలు, ఎక్కకూడని తొమ్మిది గుర్రాలు. ఆయన నడిచి దిగారు. దిగడానికి ఆరు గంటలు పట్టింది. అంత కష్టం పడ్డ మనిషికి బుద్ధి వస్తుందని మీరూ నేనూ అనుకుంటాం. ఆయనకు ఆలోచన వచ్చింది. బుద్ధి కంటే అదే ప్రమాదం.

నెల తిరక్కుండా భానోజీరావు మళ్లీ పైకి వచ్చాడు. ఈసారి టేపు తీసి గాసన్న భుజం కొలిచాడు. గెడ రాసుకుని కాయ కాసిన చోట ప్రత్యేకంగా కొలిచి, ఎత్తు కూడా రాసుకున్నాడు.

"సంచాలకుల వారు మీలో అపురూపమైన భుజవాహన సంప్రదాయమును గుర్తించినారు. వచ్చే సంవత్సరము నుండి అశ్వ, భుజ వారసత్వ దినోత్సవము. ఎన్ని తరములుగా మోయుచున్నారు?"

వీడు మొదటి సగమే రాస్తాడని గాసన్నకు తెలుసు. అందుకని ఈసారి ఆ సగాన్ని మార్చాడు. "రోడ్డు నేదు బాబూ. అందుకని మోత్తన్నాం."

భానోజీరావు కలం గాలిలో ఆగింది. ఫారం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి రెండో సగమే రాసుకున్నాడు. సంచిలోంచి ఇత్తడి బిళ్ల తీసి గాసన్న మెళ్లో కట్టబోయాడు. నంబరు పది. గుర్రాలు తొమ్మిదితో అయిపోయాయి మరి.

"ఆ దినమున మీ భుజములపై కూడ ఎట్టి భారము ఉండరాదు. ఇది మీ హక్కు," అన్నాడు, వరం ఇస్తున్నట్టు.

గాసన్న బిళ్లను పక్కకు నెట్టాడు. తరవాత అతనికి ఒక సందేహం వచ్చింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలియకే అడిగాడు. "గుర్రం మొయ్యదు. మనిసి మొయ్యడు. మరి మీరెలాగొత్తారు బాబూ పైకి?"

భానోజీరావు ఫారంలో వెతికాడు. దానికీ గడి లేదు.

ఆ ప్రశ్న జిల్లా ఆఫీసుకు పోయి ఎనిమిది నెలలు అక్కడే తిరిగింది. వచ్చే ఏడు ముఖ్య అతిథి అమాత్యుల వారు. ఆయన నడవరు. ఆయన్ను నడిపించిన అధికారి తరవాత ఎక్కడికి నడవాల్సి వస్తుందో అందరికీ తెలుసు. మూడు కమిటీలు కూర్చుని చివరికి ఒక తీర్మానం చేశాయి. రోడ్డు లేని జీవన విధానాన్ని ఘనంగా ఉత్సవం చేసుకోవడానికి ఉసిరిబందకు తక్షణం రోడ్డు వేయవలెను. అయితే అది రోడ్డు కాదు, తాత్కాలిక సందర్శన మార్గము. ఉత్సవం ముగిసిన పది రోజులకు దానిని త్రవ్వివేసి, అశ్వపథమును యథాపూర్వస్థితికి తేవలెను.

"యంత్రము వచ్చుటకు అశ్వములను వంద గజముల ఆవలకు తరలింపవలెను. మీ సమ్మతి కావలెను," అంటూ భానోజీరావు కాగితం తెచ్చాడు. గాసన్న పంతులు చేత రెండుసార్లు చదివించుకుని, గుర్రాలున్న వాళ్లందరి తరఫునా వేలిముద్ర వేశాడు. తొమ్మిది గుర్రాలనూ తనే తోలుకుపోయి, గెడ్డ నీళ్లు దాటించి అవతల కట్టాడు. పదేళ్లలో పడని రోడ్డు పది రోజుల్లో పడింది. మంత్రుల కార్లకు కుదుపు రాకూడదని నున్నగా, మలుపు మలుపుకీ గోడ కట్టి మరీ వేశారు.

ఉత్సవం బ్రహ్మాండంగా జరిగింది. యాభై కార్లు కొండెక్కాయి. యంత్రం ఎరగని ఉసిరిబంద అని ఉన్న బ్యానరు కింద కార్లు నిలపడానికి చోటు చాలక, గాసన్న కందిచేను తొక్కారు. ఆ రోజు ఊళ్లో ఎవరి భుజం మీదా ఏమీ లేదు. చిలకమ్మ బిడ్డను చంకనెత్తుకుంటే, భానోజీరావు ఒకసారి ఉత్తర్వు తీసి చూసుకున్నాడు.

ఉత్సవం ముగిసిన మూడో రోజున బిడ్డకు ఫిట్స్ వచ్చాయి. సంతవలసకు ఫోను కొడితే ఆటో పైకి వచ్చింది. గాసన్న జన్మలో మొదటిసారి కోడిరాయిని కూర్చుని దాటాడు. రాయి ఎప్పుడు వెనకబడిందో కూడా తెలియలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేది అంది. గాసన్న ఆమెకు దండం పెట్టి, బయటికి వచ్చి, పది రోజుల్లో ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్నే పసుపురంగు పొక్లెయిన్ సంతవలస చేరింది. పక్కన జీపులో త్రివిక్రమరావు గారు, భానోజీరావు. రోడ్డు మొదట్లో, నట్టనడుమ, మైనా నిలబడి ఉంది. మెళ్లో ఒకటో నంబరు బిళ్ల తళతళ మెరుస్తోంది. దానికి వంద గజాల ఎగువన మరో గుర్రం. ఆ పైన ఇంకొకటి. అలా కోడిరాయి వైపు వరసగా తొమ్మిది. మైనా పక్కన గాసన్న, చేతిలో పంతులు అట్ట వేసి ఇచ్చిన ఉత్తర్వు.

"ఏమిది? గుర్రములను తొలగింపుము," అన్నారు త్రివిక్రమరావు గారు.

"నాను రాసియ్యను బాబూ," అన్నాడు గాసన్న.

"భానోజీ, తొలగింపించుడు!"

"సార్, యజమాని లిఖితపూర్వక సమ్మతి లేనిదే వారసత్వ అశ్వములను తాకరాదు సార్."

"ఎవరన్నారు?"

"తమరే సార్. అయిదవ పేరా."

"అయినచో గుర్రము పక్క నుండి త్రవ్వుము!"

భానోజీరావు అప్పటికే టేపు తీశాడు. ఒక చివర మైనా గిట్ట దగ్గర పెట్టి లాక్కుంటూ పోయాడు. మొహం ఎప్పటిలాగే గంభీరంగా ఉంది. అతనికి ఎవరి మీదా ద్వేషం లేదు, కొలవడం తప్ప ఏమీ తెలియదు.

"అరవై నాలుగు గజములు సార్," అన్నాడు. "యంత్రము వెనక్కి పోవలెను."

త్రివిక్రమరావు గారు ఉత్తర్వును మొదటి నుంచి చివరి దాకా చదివారు. తను రాసినదాన్ని ఆయన చదవడం అదే మొదలు. అంత గట్టి ఉత్తర్వు రాసిన చేతిని ఒకసారి చూసుకుని జీపెక్కారు. పొక్లెయిన్ వెనక్కి నడిచింది.

ఇప్పుడు ఆ తొమ్మిది గుర్రాలకు మోత పని లేదు. రోజూ పొద్దున రోడ్డు మీదికి తోలుతారు, అవి మేస్తూ తిరుగుతాయి. శాఖ వాళ్లు ఏడాదికి రెండుసార్లు వచ్చి, కొలిచి, పోతుంటారు. మొన్న మైనా ఈనింది. ఆ కబురు వినగానే గాసన్న సంతవలస పోయి, తన జీవితంలో పన్నెండో అర్జీ రాయించాడు. తమ ఊళ్లో వారసత్వం ఒకటి పెరిగిందనీ, దానికీ బిళ్ల కావాలనీ.

ఆ అర్జీ ఒక్కటీ వారంలో మంజూరైంది.